పోయేవాళ్లను వెనక్కి పిలవకూడదు

"సముద్రం చూపిస్త, పా" అని మా ఆయన అన్న రోజే, ఈ మనిషి మళ్లీ మస్కట్‌కు పోవడం ఖాయమని నాకు అర్థమైపోయింది.

ఇందులో నా తెలివేమీ లేదు. ఇరవై రెండేళ్లలో ఆయన పదిసార్లు సెలవు మీద ఇంటికి వచ్చాడు, పదిసార్లూ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు వారంలో నన్ను ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోవడం ఆయనకు అలవాటు. ఒకసారి నిజాంసాగర్ డ్యామ్, ఒకసారి బాసర, ఒకసారి మెదక్ చర్చి. బిడ్డ కాస్త పెద్దదయ్యాక హైదరాబాద్ జూ పార్కు. జూలో ఏనుగును చూసి వచ్చిన మూడో రోజు విమానం ఎక్కాడు. అప్పటి నుంచి షికారు మాట ఎత్తితే చాలు, నేను క్యాలెండర్ వైపు చూస్తాను.

మాది నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం చెరువు కింద ఊరు. రెండున్నర ఎకరాల వరి. నీళ్ల వంతు దగ్గర నుంచి వడ్లు కాంటా అయ్యేదాకా అన్నీ నేనే చూసుకుంటాను. మొదట్లో భయపడుతూ చేశాను, తర్వాత కోపంతో చేశాను, తర్వాత అలవాటైపోయింది. బిడ్డకు పెళ్లయి కామారెడ్డిలో కాపురముంటోంది. ఇంట్లో ఉండేది నేను, ఒక బర్రె.

పోయిన ఉగాది ముందు ఆయన వచ్చినప్పుడు "క్యాన్సిల్" అన్నాడు. గల్ఫ్ వాళ్ల భాషలో క్యాన్సిల్ అంటే వీసా రద్దు చేసుకుని, ఇక పోకుండా వచ్చేయడం. నేను నమ్మలేదు. మా వాడలోనే ముగ్గురు క్యాన్సిల్ అని వచ్చి, ఊరంతా దావత్‌లు ఇచ్చి, ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కారు. ఈయన మాత్రం ఏం దేవుడా అనుకున్నాను.

మా దిక్కు గల్ఫ్ నుంచి వచ్చిన మగవాళ్లకు పని చెప్పరు. ఉండేది రెండు నెలలు, ఆ రెండు నెలలైనా సుఖపడనీ అని ఇంటిల్లిపాదీ కాళ్లకింద చేతులు పెడతారు. ఆదివారం కోడి, బుధవారం చేపలు. ఫ్యాన్ ఆయన వైపే తిప్పాలి. పొలం దగ్గరికి వచ్చినా గట్టు మీద నిలబడి చూడాలి తప్ప బురదలో దిగకూడదు. పదిసార్లూ ఇలాగే చేశాను కాబట్టి పదకొండోసారి కూడా ఇలాగే చేశాను. ఒకరోజు మడికి నీళ్లు పెట్టడానికి ఆయన పార పట్టుకుంటే చేతిలోంచి గుంజుకున్నాను.

"నీకెందుకు ఈ బురద? పో, ఇంట్ల కూసో" అన్నాను.

వానాకాలం వరికి కోత మిషన్ వచ్చిన రోజు గట్టు మీద నిలబడి, "నాగ్గూడ ఏదన్న పని జెప్పు" అన్నాడు.

"నీకేం జెప్పాలె? మిషన్ కోస్తది, ట్రాక్టర్ మోస్తది" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ఆయన కూడా నవ్వాడు. తర్వాత చాలాసేపు కనబడలేదు. ఎటు పోయాడో నేను పట్టించుకోలేదు, ట్రాక్టర్ డ్రైవర్‌తో గొడవలో ఉన్నాను.

దీపావళి అయ్యాక ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో చిన్న కవర్ తగిలింది. ఎల్లారెడ్డిలో స్టూడియో కవర్. లోపల ఆయనవే ఆరు ఫోటోలు, తెల్ల తెర ముందు మెడ బిగించి కూర్చున్నవి. అలాంటి ఫోటోలు వీసా కోసమే దిగుతారని మా ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలుసు. ఫోటోలు తడవకుండా కిటికీలో పెట్టి, చొక్కా పిండి ఆరేశాను. ఆయన్ను ఏమీ అడగలేదు.

ఎందుకడగలేదంటే, మా అత్త నాకు అలా నేర్పింది. "పోయేటోన్ని ఎటు అని అడగొద్దు బిడ్డా. ఎన్కకు పిలువొద్దు. పోవద్దన్న మాట నోట్లకెంచి రానే రావొద్దు. ఆ మాట మనిషెంట పోతది. పోయిన కాడ బరకతు ఉండదు, ఏదీ కలిసిరాదు" అనేది. అత్త ఉన్నన్నాళ్లూ భయంతో పాటించాను. అత్త పోయాక కూడా పాటించాను. పెద్ద పెద్ద క్రేన్ల కింద పనిచేసే మనిషి, అంత ఎత్తున ఇనుప రాడ్లు వేలాడుతుంటాయని ఆయనే చెప్పాడు. నా నోటి నుంచి ఒక్క మాట జారి ఆయనకేమైనా అయితే? అందుకే ఎప్పుడు పోయినా నోరు మూసుకుని చేయాల్సిన పని చేసేదాన్ని. ఆ పనేమిటంటే పొడులు కొట్టడం. కారప్పొడి, పల్లీల పొడి, అవిసెల పొడి. చల్ల మిరపకాయలు ఎండబెట్టడం. అన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి, కారకుండా చుట్టూ టేపు వేసి, మార్కర్‌తో ఆయన పేరు రాయడం. ఫోటోలు చూసిన మరుసటి రోజే మిరపకాయలు వేయించాను. ఊరంతా దగ్గింది. నాలుగు రోజుల్లో ఆరు డబ్బాలు సజ్జ మీదికి ఎక్కాయి.

ఆయన ఆ డబ్బాలు చూశాడు. సజ్జ కింద నిలబడి చూడటం నేను వంటింట్లోంచి గమనించాను. రెండో రోజు కామారెడ్డికి పోయి వచ్చాడు. ఆ వారంలోనే, "సముద్రం చూపిస్త, పా" అన్నాడు.

యాసంగి నారు పోసి పది రోజులైంది, నాట్లకు ఇంకా టైం ఉంది. నారుమడినీ బర్రెనూ పక్కింటామెకు అప్పజెప్పి బయలుదేరాం. ఎల్లారెడ్డి, కామారెడ్డి, సికింద్రాబాద్, విశాఖపట్నం, అక్కడి నుంచి బస్సులో భీమిలి. ఆయన చేతిలో ఒక సంచి. ఇంత చిన్న సంచితో ఆయన ప్రయాణం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

భీమిలి పాత ఊరు. ఎప్పుడో డచ్చివాళ్లు ఓడల్లో వచ్చి వ్యాపారం చేసి, కోట కట్టి, కొట్లాడి, పోయారట. మేం దిగింది ఒక పాత పెంకుటింట్లో. పై గదులు అద్దెకిస్తుంది ఇంటి ఓనరమ్మ. మా మాట విని, "ఎక్కడి నుంచి వచ్చేరమ్మా?" అంది. ఎల్లారెడ్డి అన్నాను. తెల్లముఖం వేసింది. కామారెడ్డి అన్నాను. అదీ తెలియదు. చివరికి హైదరాబాద్ అంటే, "అలాగా, మా మరిదీ అక్కడే" అని సంతోషపడింది. మాకూ హైదరాబాద్‌కూ ఎంత దూరమో చెప్పే ఓపిక లేక సరే అన్నాను.

సముద్రం చూసి నేనేదో అయిపోతానని ఆయన అనుకున్నట్టున్నాడు. నీళ్లవైపు చూడకుండా నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది కోపం. ఇన్ని నీళ్లా! ఇన్ని నీళ్లుండీ ఒక్క మడి తడవదు. అక్కడ నేను దోసెడు నీళ్ల కోసం కాలువ మీద మగవాళ్లతో తిట్టుకుని పడి చస్తుంటాను.

"అలుగు ఎటు దిక్కు?" అని అడిగాను. మా పోచారం నిండితే అలుగు పారుతుంది. నిండిన నీళ్లకు ఎక్కడో ఒక దారి ఉండాలి కదా.

ఆయన ఇసుకలో కూర్చుని మరీ నవ్వాడు. "నీయవ్వ, ఇరవై రెండేండ్ల నుంచి సూస్తున్న సముద్రాన్ని. నాకు గా సోయి రాలే" అన్నాడు.

మస్కట్‌లో ఆయన పనిచేసిన చోటు నుంచి సముద్రం కనబడేదట. కనబడటమే. ఒక్కసారి కూడా నీళ్లలో కాలు పెట్టలేదట. ఎందుకు పెట్టలేదని అడిగితే, "ఒక్కన్నే పోయి ఏం జేయాలె ఆడ?" అన్నాడు. ఇద్దరం చెప్పులు చేత పట్టుకుని మోకాళ్లదాకా దిగాం. కింద ఇసుక జారిపోతుంటే నేను ఆయన రెక్క గట్టిగా పట్టుకున్నాను. ఆ కాసేపు చాలా బాగుంది. దాచుకోవడానికేముంది, బాగుంది.

గదికి వచ్చాక మాత్రం ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. ఇంట్లో అయితే బర్రె ఉంటుంది, పొలం ఉంటుంది, ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడ ఒక మంచం, ఒక కిటికీ, మేమిద్దరం. ఆయన పొద్దున నాలుగింటికే లేచి, బకెట్‌లో తన చొక్కా తానే ఉతుక్కుని, దుప్పటి చదరంగా మడత పెట్టి దాని మీద దిండు పెట్టాడు. గల్ఫ్‌లో పనివాళ్లుండే క్యాంపులో అలా ఉండాలట. నా దుప్పటి కూడా మడత పెట్టాడు, నేను ఇంకా దాంట్లో ఉండగానే.

రెండో రోజు ఒక వింత జరిగింది. ఆయన టీ తాగి వస్తానని ఒడ్డుకు పోయాడు. కాసేపటికి నా ఫోన్ మోగింది. ఆయనే.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు.

"ఏం జేస్త? కిటికీ కాడ కూసున్న."

"ఈడ చేపలు ఎండబోసిండ్రు. ఒకామె నీ లెక్కనే కొట్లాడుతుంది ఇంకొకామెతోని."

"ఎందుకట?"

అంతే, ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. చేపలు, బిడ్డ, పక్కింటామె నారుమడికి నీళ్లు పెట్టిందో లేదో, అన్నీ. ఆయన తిరిగొచ్చి గదిలో కూర్చోగానే మాటలు ఆగిపోయాయి. ఫోన్‌లో మేం చక్కని మొగుడూపెళ్లాలం. ఎదురెదురుగా కూర్చుంటే అప్పుడే పెళ్లిచూపులకు వచ్చినట్టు ఉంటుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంకా చెప్పడేం, ఎప్పుడు పోతున్నావో చెప్పి చావరాదూ అని లోపల్లోపల తిట్టుకున్నాను. మిగిలిన షికార్లన్నిట్లో మొదటి రోజు సాయంత్రానికే తేదీ చెప్పేసేవాడు. ఈసారి చెప్పడం లేదు. ఎవరిదో ఫోన్ వచ్చినప్పుడల్లా మాత్రం లేచి పది అడుగులు దూరం పోతున్నాడు, వీసా ఇప్పించే ఏజెంటే అయి ఉంటాడనుకున్నాను.

మూడో రోజు డచ్చివాళ్ల సమాధులు చూడటానికి పోయాం. కొన్ని సమాధులు గోపురంలా కోసుగా, మనిషి కంటే ఎత్తుగా ఉన్నాయి. రాళ్ల మీద ఏవో అక్షరాలు, బొమ్మలు, సగం అరిగిపోయాయి. ఒక మేక మేస్తోంది. మిగతా జనం ఫోటోలు దిగి పోయారు. మా ఆయన ఒక్కో సమాధి దగ్గర నిలబడి, అది ఎంత పొడుగుందో చూస్తూ నడిచాడు.

"వీళ్లు గూడ మనలెక్కనే. బతకనీకి ఒచ్చినోళ్లే" అన్నాడు కాసేపటికి. "అప్పుడు పెట్టె పంపుడు లేకుండె. యాడ సచ్చినోళ్లను ఆడనే."

పెట్టె అనే మాట మా దిక్కు ఎవరూ ఊరికే అనరు. గల్ఫ్ నుంచి పెట్టె వచ్చిందంటే అందులో ఏముంటుందో అందరికీ తెలుసు. మా ఊరికి రెండు వచ్చాయి. ఆయన క్యాంపు నుంచి నస్రుల్లాబాద్ దిక్కు ఇంకొకటి పోయింది, ఆయన పక్క మంచం మనిషిది. ఆ పెట్టె మీద పేరు రాసింది తనేనని ఆ సమాధుల మధ్య నిలబడి చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఫోన్‌లో కూడా చెప్పలేదు. "ఎన్కకు పా, ఎండ కొడుతుంది" అని నేను ముందు నడిచాను. నా ముఖం ఆయనకు కనబడకూడదని.

నాలుగో రోజు సాయంత్రం మా రైలు. పొద్దున చివరిసారి ఒడ్డుకు పోయి, బోర్లించిన తెప్ప పక్కన నీడలో కూర్చున్నాం. ఫోన్ మోగింది. ఈసారి ఆయన దూరం పోలేదు. నా పక్కనే కూర్చుని, "సరే అన్న, జర సేపట్ల జెప్త" అని పెట్టేశాడు.

"ఏజెంటా?" అన్నాను. అడగనే అడిగేశాను.

"ఆఁ. మెడికల్ పాసైనట. వీసా ఒచ్చింది. టికెట్ తీయాల్నా అని అడుగుతుండు."

"తీయమను మరి." నా గొంతు మామూలుగానే ఉంది. అలవాటు కదా.

ఆయన ఇసుక గీకుతూ కూర్చున్నాడు. "గిదే. నువ్వు గిట్లనే అంటవని తెలుసు. పొడులు సుత కొట్టినవ్ గద."

"నీ జేబుల ఫోటోలు సూసి కొట్టిన."

"ఫోటోలదేముంది? ఏజెంట్ సతాయిస్తుంటే దిగి జేబుల పెట్టుకున్న. ఇయ్యలే. పోవాల్నని లేకుండె నాకు." తల ఎత్తి నా వైపు చూశాడు. "సజ్జ మీద డబ్బాలు సూసినంక పోయి ఇచ్చొచ్చిన. మెడికల్ గూడ అదే రోజు. ఇగ ఈమె నన్ను పంపనీకే తయారైంది, ఉండి ఏం జేయాలె అనిపించింది."

నాకు ఒళ్లు మండింది. "నేను పంపుడేంది? నేనెప్పుడన్న పొమ్మన్ననా?"

"అనాల్నా? పార ముడితే గుంజుకుంటవ్. పని జెప్పుమంటే మిషన్ ఉన్నదంటవ్. ఎనిమిది నెలల సంది సుట్టానికి పెట్టినట్టు కోడికూర పెడుతున్నవ్. సుట్టం ఎన్ని రోజులుంటడే?"

కోపంగా అనలేదు. ఏదో ఊరి సంగతి చెప్పినట్టు అన్నాడు. చెప్పాల్సింది చాలా ఉంది. నీ కడుపు నింపడం తప్ప నాకు ఇంకేమీ చేతకాలేదని చెప్పాలి. ఆ పార నా చేతిలోంచి వదలాలంటే నాకు భయమని, నువ్వు పోయాక మళ్లీ పట్టుకోవాల్సింది నేనేనని చెప్పాలి. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన కొద్దిసేపు చూశాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"సిగ్నల్ సక్కగ లేదీడ. ఆ కొట్టు కాడికి పోయి మాట్లాడొస్త" అని నడిచాడు.

పదకొండుసార్లు చూసిన వీపే. కాస్త వంగింది, అంతే. ఆయన ఇరవై అడుగులు పోయాడు. నేను లేచి నిలబడ్డాను. అత్త మాట గుర్తొచ్చింది. పిలువొద్దు. ఆపొద్దు. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమయ్యో!" అని అరిచాను.

అలల చప్పుడుకు వినబడలేదు. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు మాత్రం తలెత్తి చూశారు. చూస్తే చూడనీ.

"ఏమయ్యో! పోకు! నువ్వు పోకు!"

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నేను ఇంకా అరుస్తూనే ఉన్నానని నాకు తర్వాత తెలిసింది. ఇంట్ల పని మస్తుందని, నాట్లకు మనుషులు దొరుకుతలేరని, ఒక్కదాన్నే సావాల్నా అని, ఏమేమో అరిచానట. చివరికి ఇసుకలో కూలబడి ఏడ్చాను. మొగుడు విమానం ఎక్కేటప్పుడు ఒక్క చుక్క రాల్చని ఆడదని మా ఊళ్లో నాకు పేరు. ఆ పేరంతా భీమిలి ఒడ్డున, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు పోయింది.

ఆయన వచ్చి నా ముందు గొంతు కూర్చున్నాడు. ఫోన్‌లో ఏజెంట్ హలో హలో అంటున్నాడు. "వద్దన్నా, పోను. మా ఇంటామె వద్దంటుంది" అని చెప్పి కట్ చేశాడు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

"మల్లొక్కసారి అను" అన్నాడు.

"పోకు" అన్నాను.

నా పక్కకు జరిగి ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత నన్ను చూడకుండా, నీళ్లవైపు చూస్తూ చెప్పాడు.

"మొదటిసారి పోయినప్పుడు ఎల్లారెడ్డి బస్టాండ్ల బస్సు అర్ధగంట నిలబడ్డది, యాదికుందా? నువ్వు బిడ్డనెత్తుకొని కిందనే ఉంటివి. నేను కిటికీల కెంచి నీ మొఖమే సూసిన. ఒక్కసారి వద్దంటే బాగుండు అనుకుంట కూసున్న. అంటివైతే ఆన్నే దిగొచ్చేటోన్ని."

అప్పుడు నాకు ఇరవై ఒక్కటి.